పళ్ళ క్లిప్పులతో పాటు వేసే మినీ స్క్రూలు, వాటి చుట్టూ ఎముక మానే తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లిప్పులంటే ఇప్పుడు ఎవరికీ పెద్దగా భయం లేదు. "ఎముకలో చిన్న స్క్రూ వేయాలి" అనగానే మాత్రం మొహాలు మారిపోతాయి. పిల్లల కన్నా పక్కన కూర్చున్న అమ్మానాన్నలకే టెన్షన్ ఎక్కువ. కుర్చీలో ఉన్నప్పుడు నోరు తెరిచి ఉంటుంది కాబట్టి ఏమీ అడగలేరు. ఇంటికెళ్ళాక ఒక్కో ప్రశ్నా గుర్తొస్తుంది. అలాంటి ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఎముక గురించి కొంచెం ఎక్కువే రాశాను. స్క్రూ నిలిచినా, ఊడినా దాని చుట్టూ ఎముక ఎలా మానిందన్నదే అసలు విషయం. రోగులకు ఎవరూ విడమరిచి చెప్పనిది కూడా అదే.

మినీ స్క్రూ అంటే ఏమిటి?

దీన్నే మినీ ఇంప్లాంట్ అనీ, టాడ్ అనీ అంటారు. 1.2 నుంచి 2 మి.మీ. మందం, 6 నుంచి 12 మి.మీ. పొడవు ఉండే చిన్న స్క్రూ. ఎక్కువగా టైటానియంలో కొద్దిగా అల్యూమినియం, వెనేడియం కలిపిన మిశ్రమ లోహంతో చేస్తారు. పై దవడలో చెంప ఎముక కిందా, కింది దవడలో చివరి దవడ పళ్ళ పక్కనా వేసేవి ఇంకొంచెం పెద్దవి. వాటిలో స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కూడా ఉంటాయి. స్క్రూ తల చిగురు బయటకు కనిపిస్తూ ఉంటుంది. దానికి రబ్బరు చైనో, స్ప్రింగో తగిలించి పళ్ళను లాగుతారు. వైద్యం పూర్తయ్యాక తీసేస్తారు.

క్లిప్పులు ఉన్నాయి కదా, ఇది దేనికి?

ఒక పన్నును లాగాలంటే ఇంకోదాని ఆసరా కావాలి. ఎత్తు పళ్ళు ఉన్నవాళ్ళకు ముందు దవడ పళ్ళు నాలుగు తీసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను వెనక్కి లాగుతాం. లాగేది వెనక దవడ పళ్ళను పట్టుకుని. అప్పుడు అవి కూడా ముందుకు జరుగుతాయి. రెండు పడవల మధ్య తాడు కట్టి ఒకదానిలో నిలబడి లాగితే రెండూ దగ్గరికొస్తాయి, గట్టు మీద పాతిన గుంజకు కట్టి లాగితే ఎదుటి పడవ ఒక్కటే వస్తుంది. మినీ స్క్రూ ఆ గుంజ. అది లేకపోతే పళ్ళు తీసి సంపాదించిన ఖాళీలో కొంత భాగాన్ని దవడ పళ్ళే తినేస్తాయి, ఎత్తు అనుకున్నంత తగ్గదు.

నవ్వితే చిగుళ్ళు ఎక్కువగా కనిపించేవాళ్ళకు పై పళ్ళను పైకి ఎక్కించడం, ఎదుటి పన్ను లేక కిందికి జారిన దవడ పన్నును తిరిగి లోపలికి నెట్టడం లాంటివి మామూలు క్లిప్పులతో చాలా కష్టం. అలాంటి చోట ఈ స్క్రూలు చాలామందికి ఆపరేషన్ అవసరం తప్పించాయి.

ఇది కొత్తగా వచ్చిన పద్ధతా? మన మీద ప్రయోగం చేస్తున్నారా?

ఆలోచన 1945 నాటిది. అమెరికాలో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే ఇద్దరు కుక్కల దవడల్లో వైటాలియం అనే లోహపు స్క్రూలు వేసి పళ్ళను లాగి చూశారు. నెల రోజుల అటూ ఇటూలో అన్నీ వదులైపోయాయి. ఆ తరవాత చాలాకాలం ఆ దారిలో ఎవరూ పెద్దగా వెళ్ళలేదు.

1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి రక్త ప్రసరణను గమనిస్తున్నాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక టైటానియంకు నేరుగా అతుక్కుపోయింది. ఆ గుణానికి ఆస్సియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టారు. పళ్ళు పోయినవాళ్ళకు ఇప్పుడు పెట్టే ఇంప్లాంట్లన్నిటికీ మూలం అదే.

క్లిప్పుల వైద్యంలో మలుపు 1983లో వచ్చింది. క్రీక్‌మోర్, ఎక్లండ్ అనే డాక్టర్లు ఒక యువతి పై దవడలో, ముక్కు కింద ఒక స్క్రూ వేసి, 10 రోజులు ఆగి సన్నని రబ్బరు దారంతో ముందు పళ్ళను పైకి లాగారు. పళ్ళు 6 మి.మీ. పైకి వెళ్ళాయి, స్క్రూ కదల్లేదు. 1997లో జపాన్ డాక్టర్ కనోమి 1.2 మి.మీ. మందం ఉన్న స్క్రూను ప్రత్యేకంగా ఈ పనికే వాడి చూపించాక కొరియా, తైవాన్, యూరప్, మన దేశం అన్నిచోట్లా పాకింది. కాబట్టి ప్రయోగ దశ దాటి చాలాకాలమైంది.

పన్ను పోయిన చోట పెట్టే ఇంప్లాంటూ ఇదీ ఒకటేనా?

కాదు. ఆ ఇంప్లాంట్ జీవితాంతం నమలాలి. అందుకని దాని ఉపరితలాన్ని కావాలనే గరుకుగా చేసి, ఎముక వీలైనంత ఎక్కువగా అతుక్కునేలా చూస్తారు. పాత పద్ధతిలో కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలలు ఆగి ఆ తరవాతే పన్ను బిగించేవారు.

మినీ స్క్రూకు అంత అతుకు అక్కర్లేదు, మనకు వద్దు కూడా. ఏడాది రెండేళ్ళలో తీసేయాలి. అందుకే నున్నని ఉపరితలంతో చేస్తారు. ఎముక అక్కడక్కడా మాత్రమే తాకినా అది బరువు మోయగలదు. 2003లో దెగుచి బృందం కుక్కల మీద చేసిన పరిశోధనలో స్క్రూ ఉపరితలంలో కేవలం 5 శాతం ఎముకను తాకుతున్నా అది లాగుడుకు తట్టుకుని నిలబడింది. మిగతా చోట్ల మజ్జ, మెత్తని కణజాలం ఉన్నా ఇబ్బంది లేకపోయింది.

స్క్రూ వేసిన క్షణం నుంచి ఎముకలో ఏం జరుగుతుంది?

ఇదే నాకు ఇష్టమైన ప్రశ్న. తీరిగ్గా చెబుతాను.

దవడ ఎముకకు పైన గట్టి పొర ఉంటుంది, దాన్ని కార్టికల్ ఎముక అంటారు. లోపల చిన్న చిన్న గదులతో, మజ్జతో ఉండే వదులు ఎముక. స్క్రూను పట్టి ఉంచేది దాదాపు ఆ పై పొరే. స్క్రూ తిరుగుతూ లోపలికి వెళ్ళేటప్పుడు దాని మరలు ఎముకను పక్కలకు నొక్కుతాయి. నొక్కుడుకి గట్టి పొరలో కంటికి కనిపించనంత సన్నని పగుళ్ళు వస్తాయి. మరల మధ్య ఖాళీల్లోకి రక్తం చేరి గడ్డకడుతుంది.

ఆ రక్తపు గడ్డే మానడానికి తొలి మెట్టు. అందులోని ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే పదార్థాలు మిగతా కణాలను పిలుస్తాయి. మొదటి రెండు మూడు రోజులు తెల్ల రక్తకణాలు వచ్చి చెత్తను, సూక్ష్మజీవులను ఊడ్చేస్తాయి. అప్పుడు ఉండే కొద్దిపాటి వాపు, సలుపు ఆ పనికి గుర్తు. తరవాత సన్నని రక్తనాళాలు గడ్డలోకి పెరుగుతాయి. రక్తం అందకపోతే ఎముక పుట్టదు. మొదటి వారం చివరికి ఆస్టియోబ్లాస్ట్‌లు అనే కణాలు ఖాళీల్లో కొత్త ఎముకను నింపడం మొదలుపెడతాయి. ఈ తొలి ఎముక తొందరలో తయారైంది, పోగులు ఒక వరసలో ఉండవు, బలం తక్కువ.

అదే సమయంలో ఇంకో పని జరుగుతుంది. మరలు గట్టిగా నొక్కిన చోట ఉన్న పాత ఎముకలో కొంత చచ్చిపోతుంది. ఆ చచ్చిన, పగిలిన ఎముకను ఆస్టియోక్లాస్ట్‌లు అనే కణాలు కరిగించి తీసేయాలి, ఆ చోట కొత్తది రావాలి. దెబ్బ తగిలిన చోట చుట్టుపక్కల ఎముక అంతా ఇలా వేగం పుంజుకుని మారుతుందని అమెరికా ఎముకల శాస్త్రవేత్త హెరాల్డ్ ఫ్రాస్ట్ వివరించాడు.

వారాలు గడిచేకొద్దీ బలహీనమైన తొలి ఎముక స్థానంలో పొరలు పొరలుగా పేర్చినట్టుండే గట్టి ఎముక వస్తుంది. మనిషిలో ఎముక పాతది కరిగి కొత్తది పూర్తిగా తయారయ్యే ఒక చుట్టుకు దాదాపు 4 నెలలు పడుతుంది. కుందేలుకు 6 వారాలు, కుక్కకు 12 వారాలు చాలు. జంతువుల మీద చేసిన పరిశోధనల్లోని రోజుల లెక్కను మనిషికి యథాతథంగా వర్తింపజేయకూడదని అందుకే అంటారు.

ఆ తరవాత కూడా ఎముక ఊరుకోదు. స్క్రూకు 1 మి.మీ. లోపు ఉన్న ఎముక మామూలు ఎముక కన్నా వేగంగా పాతదాన్ని తీసేస్తూ, కొత్తదాన్ని కడుతూనే ఉంటుంది. లోహం దగ్గర రోజూ కలిగే సన్నని పగుళ్ళను అలా బాగుచేసుకుంటుంది. స్క్రూ నిలిచి ఉన్నంతకాలం చుట్టూ ఉన్న ఎముక పనిలోనే ఉంటుంది.

వేసినప్పుడు గట్టిగా ఉన్న స్క్రూ మూడో వారంలో వదులైంది. ఎందుకు?

పైన చెప్పిన రెండు పనులు ఒకేసారి జరగడం వల్ల. వేసిన రోజు ఉండే బిగువు పూర్తిగా మరలకూ ఎముకకూ మధ్య ఉన్న ఒత్తిడి వల్ల వచ్చింది. పాత ఎముక కరుగుతున్న కొద్దీ ఆ బిగువు తగ్గుతుంది. కొత్త ఎముక ఇచ్చే బిగువు ఇంకా పూర్తిగా రాదు. సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా స్క్రూ బలం బాగా తగ్గి ఉండే సమయం. కుక్కల మీద చేసిన కొలతల్లో మొదటి మూడు వారాలు బలం తగ్గుతూ వచ్చి ఆ తరవాత పెరిగింది.

విచిత్రం ఏమిటంటే, ఈ సమయానికి నొప్పి పోయి ఉంటుంది. నొప్పి లేదు కదా అని పిల్లలు నాలుకతో కదపడం, బ్రష్ వెనక భాగంతో గుద్దడం, చెరకు గడ నమలడం మొదలుపెడతారు. మొదటి నెల మొత్తం జాగ్రత్త అని నేను పదే పదే చెప్పేది అందుకే.

స్క్రూ ఎముకలో 100 మైక్రాన్లకు అటూ ఇటూగా పదే పదే ఊగుతూ ఉంటే అక్కడ ఎముక బదులు నార లాంటి మెత్తని కణజాలం ఏర్పడుతుంది. 100 మైక్రాన్లంటే మిల్లీమీటరులో పదో వంతు. ఒకసారి అలా మెత్తని పొర కట్టిందంటే అది తిరిగి ఎముకగా మారదు, స్క్రూ మెల్లగా ఊడుతుంది.

అలాంటప్పుడు వెంటనే రబ్బరు తగిలించడం తప్పు కాదా?

తప్పు కాదు. ఊపడం వేరు, ఒకే దిక్కులో నిలకడగా లాగడం వేరు. ఎముకకు చేటు చేసేది ఊపడమే. 50 నుంచి 200 గ్రాముల మధ్య ఉండే తేలికపాటి, నిలకడైన లాగుడును తొలి రోజు నుంచే తట్టుకున్న స్క్రూలు కోకొల్లలు. అందుకే చాలామంది డాక్టర్లు వేసిన రోజే స్ప్రింగ్ తగిలిస్తారు.

పైన చెప్పిన మొదటి వారాల బలహీనత గుర్తుంది కాబట్టి, పై పొర పలచగా ఉన్న పిల్లల్లో రెండు మూడు వారాలు ఆగి, తక్కువ బలంతో మొదలుపెట్టడం నాకు నచ్చుతుంది. రెండు పద్ధతులూ సరైనవే. మీ డాక్టర్ వెంటనే తగిలించారని కంగారుపడకండి, ఆగమన్నారని అనుమానపడకండి.

ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదేనా?

ఇక్కడే చాలా స్క్రూలు పోతాయి. బొత్తిగా వదులుగా దిగితే మొదటి రోజు నుంచే ఊగుతుంది. మరీ గట్టిగా దిగితే ఎముక నలిగి, రక్తం అందక, ఎక్కువ మేర చచ్చిపోతుంది. వేసిన రోజు భలే గట్టిగా ఉంది అనుకున్న స్క్రూ మూడు వారాలకు చేతికొస్తుంది. 2006లో మోతోయోషి బృందం 1.6 మి.మీ. స్క్రూలకు బిగింపు బలం 5 నుంచి 10 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉండటం మంచిదని చెప్పింది. ఆ మధ్య మార్గమే ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు.

కింది దవడ ఎముక మందం, గట్టిదనం ఎక్కువ. అక్కడ స్క్రూను నేరుగా తిప్పే బదులు ముందు పై పొరలో సన్నని రంధ్రం చేసుకుంటే నలుగుడు తగ్గుతుంది. అలా డ్రిల్ చేసేటప్పుడు సెలైన్ నీళ్ళు పోస్తూ నెమ్మదిగా చేయాలి. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుందని 1983లో ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ చూపించారు. చేత్తో నెమ్మదిగా తిప్పే డాక్టర్‌ను చూసి "ఇంతసేపా" అనుకోకండి. ఆ నెమ్మది మీ ఎముక కోసమే.

నా స్క్రూ కొంచెం పక్కకు జరిగినట్టుంది. పాడైపోయినట్టేనా?

చేత్తో తాకితే కదలకుండా, నొప్పి లేకుండా ఉంటే పాడైనట్టు కాదు. 2004లో తైవాన్‌లో లియూ బృందం 16 మంది రోగులను గమనిస్తే, వాళ్ళలో 7 మందికి స్క్రూలు బిగువుగా ఉంటూనే కొద్దిగా జరిగాయి. గట్టిగా అతుక్కోని స్క్రూ, ఎముక మారుతున్న కొద్దీ లాగుడు దిక్కుకు కాస్త ఒరగడం మామూలే. అందుకే పంటి వేరుకూ స్క్రూకూ మధ్య సాధ్యమైనంత ఎడం ఉంచుతారు.

వేలితో తాకితే టకటకా ఊగుతున్నా, చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి చీము కారుతున్నా, కొరికినప్పుడు పక్క పన్ను నొప్పిగా ఉన్నా తరవాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఎన్ని ఊడిపోతాయి?

చాలా పరిశోధనలను కలిపి చూసిన సమీక్షల్లో వందకు 13, 14 దాకా అని తేలింది. అంటే ప్రతి ఏడెనిమిది స్క్రూల్లో ఒకటి. ఈ సంగతి వేయకముందే చెప్పాలి. ముందే తెలిసిన రోగి స్క్రూ ఊడితే మళ్ళీ వేయించుకుంటాడు, తెలియని రోగికి డాక్టర్ మీద నమ్మకం పోతుంది.

కింది దవడలో పై దవడ కన్నా ఎక్కువ ఊడతాయి. ఎముక గట్టిది కాబట్టి ఎక్కువ నిలవాలి కదా అనిపిస్తుంది. గట్టి ఎముకలో నలుగుడు, వేడి ఎక్కువ. పైగా అక్కడ గట్టి చిగురు తక్కువ, తిండి ఇరుక్కోవడం ఎక్కువ. అంగిలి ముందు భాగంలో మధ్యగీతకు కాస్త పక్కగా వేసినవి అన్నిటికన్నా బాగా నిలుస్తాయి. అక్కడ ఎముక మంచిది, చిగురు గట్టిది, పంటి వేర్లు అడ్డు రావు.

పంటి వేరుకు బాగా దగ్గరగా పడిన స్క్రూ కూడా ఊడే అవకాశం ఎక్కువ. నమిలినప్పుడల్లా పన్ను తన చోట్లో కొద్దిగా కదులుతుంది, ఆ కదలిక స్క్రూకు చేరుతుంది.

ఊడితే పెద్ద నష్టం ఉండదు. పక్కనే ఇంకో చోట వేస్తారు. అదే రంధ్రంలో వేయాలంటే ఎముక నిండేదాకా కొన్ని వారాలైనా ఆగాలి.

వేసేటప్పుడు నొప్పి ఉంటుందా? ఏ మాత్ర వేసుకోవాలి?

కొద్దిగా మత్తు ఇంజెక్షన్ చాలు. ఎముకలో గుచ్చుకున్న నొప్పి కాకుండా ఒత్తిడి మాత్రం తెలుస్తుంది. పూర్తి మొద్దుబారేలా మత్తు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. స్క్రూ వేరు దగ్గరికి వెళ్తే పన్ను నొప్పి పుట్టి మీరు చెప్పగలగాలి.

ఆ రోజు సాయంత్రం సలుపు ఉంటే పారాసిటమాల్ చాలు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒకటి రెండు సార్లు వేసుకుంటే కొంప మునగదు. రోజుల తరబడి వేసుకుంటే మాత్రం ఎముక మారడానికి, పళ్ళు జరగడానికి అవసరమైన ప్రోస్టాగ్లాండిన్‌లు అనే రసాయనాలను తగ్గిస్తాయి. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు.

పప్పు తింటే చీము పడుతుందంటారు. పథ్యం చేయాలా?

అక్కర్లేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. వంకాయ, గోంగూర, దుంపలు మానేయాల్సిన పనీ లేదు. గాయం మానడానికి ప్రోటీన్ కావాలి. శాకాహారుల ఇళ్ళల్లో అది ఎక్కువగా వచ్చేదే పప్పు నుంచి. మానాల్సిన సమయంలో పప్పు మాన్పించి ఉత్త చారన్నం పెట్టే పెద్దవాళ్ళకు ప్రేమ తప్ప వేరే ఉద్దేశం లేదు. వాళ్ళకు ఈ జవాబు చదివి వినిపించండి.

మొదటి రెండు మూడు రోజులు పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా, గుడ్డు, మెత్తగా ఉడికించిన కూరలు తినండి. కారం తగ్గించండి, చిగురు మండుతుంది. స్క్రూ ఉన్నంతకాలం సకినాలు, జంతికలు, చెరకు, పల్లీ పట్టీ, మొక్కజొన్న పొత్తు, బొమికలు కొరకడం వద్దు. క్లిప్పులున్నవాళ్ళు ఎలాగూ ఇవి మానాలి.

కాల్షియం మాత్రలు వేసుకుంటే ఎముక త్వరగా అతుకుతుందా?

లోపం లేనివాళ్ళకు అదనంగా లాభం ఉండదు. విటమిన్ డి లోపం ఉందని పరీక్షలో తేలితే డాక్టర్ చెప్పిన మోతాదులో సరిచేసుకోండి. విటమిన్ డి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగేవి కావు.

శుభ్రం ఎలా చేసుకోవాలి?

ఊడిన స్క్రూల్లో చాలావాటి చుట్టూ చిగురు వాపు కనిపిస్తుంది. స్క్రూ మెడ దగ్గర పాచి పేరుకుంటే అక్కడి చిగురు ఉబ్బుతుంది. ఆ వాపు కిందికి పాకితే పై పొర ఎముక కరుగుతుంది. స్క్రూను పట్టి ఉంచేదే ఆ పొర అని ముందే చెప్పాను.

వేసిన మర్నాటి నుంచి రోజుకు నాలుగైదుసార్లు గోరువెచ్చని ఉప్పు నీళ్ళతో మెల్లగా పుక్కిలించండి. డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి. చిగురు కుదురుకున్నాక చాలా మెత్తని చిన్న బ్రష్‌తో స్క్రూ తల చుట్టూ రోజూ రెండుసార్లు తుడవాలి. ఎలక్ట్రిక్ బ్రష్ తలను స్క్రూకు ఆనించవద్దు. బొగ్గుపొడి, ఉప్పుకల్లుతో తోమడం ఈ కాలమంతా మానేయండి.

సిగరెట్, గుట్కా?

సిగరెట్ చిగుళ్ళలోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. రక్తం లేనిదే కొత్త ఎముక రాదు. రోజుకు పదికి పైగా కాల్చేవాళ్ళలో స్క్రూలు చాలా ఎక్కువగా ఊడినట్టు 2010లో వచ్చిన ఒక జర్మన్ పరిశోధన చూపించింది. బీడీ, చుట్టలోనూ నికోటిన్ ఉంది, వాటికీ ఇదే వర్తిస్తుంది.

గుట్కా, వక్కపొడి నమిలేవాళ్ళలో నోరు సరిగా తెరుచుకోని జబ్బు వస్తుంది. అలాంటివాళ్ళకు వెనక పళ్ళ దగ్గర స్క్రూ వేయడానికి చేయి కూడా పట్టదు. దాచకుండా చెప్పండి. తిట్టడానికి కాదు, స్క్రూ వేయాలా వద్దా అని తేల్చుకోవడానికి అడుగుతాం.

షుగర్ ఉంది. ఎముకలకు మందులు వాడుతున్నాను. వేయించుకోవచ్చా?

షుగర్ అదుపులో ఉంటే వేయించుకోవచ్చు. అదుపు తప్పి ఉంటే చిగురు మానదు, చీము పడుతుంది. ముందు అది చూసుకుని రండి.

ఎముకలు గుల్లబారినవాళ్ళకు ఇచ్చే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందుల సంగతి వేరు. ఇవి ఆస్టియోక్లాస్ట్‌లను ఆపుతాయి. పాడైన ఎముకను తొలగించే కణాలే ఆగిపోతే మానే క్రమం మొత్తం దెబ్బతింటుంది, పళ్ళు కూడా సరిగా జరగవు. కొందరిలో దవడ ఎముక బయటపడి మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. క్యాన్సర్‌కు ఇంజెక్షన్ రూపంలో తీసుకున్నవాళ్ళకు ఇది మరీ ఎక్కువ. ఏడాదికోసారి ఇంజెక్షన్ కాబట్టి చాలామంది దాన్ని మందు కింద లెక్కపెట్టరు, అడిగినా "ఏమీ వాడట్లేదు" అంటారు. మీ అమ్మగారికో మీకో అలాంటి ఇంజెక్షన్ పడి ఉంటే కాగితం తెచ్చి చూపించండి. స్టెరాయిడ్లు చాలాకాలంగా వాడుతున్నా, దవడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా తప్పక చెప్పాలి.

మాది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగాం. ఎముక పట్టదా?

పళ్ళ మీద మరకలు పంటి పై పొర ఎనామిల్‌కు సంబంధించినవి. వాటి వల్ల క్లిప్పులు అంటించడం కొంచెం కష్టమవుతుంది, స్క్రూకు నేరుగా సంబంధం లేదు. ఒంట్లో ఎముకలు బిగుసుకుపోవడం, కీళ్ళు వంగకపోవడం లాంటివి ఉంటే మాత్రం ఎముక మామూలు కన్నా చిక్కగా మారి ఉండవచ్చు. ముందే చెబితే స్కాన్ చూసుకుని నిర్ణయిస్తారు.

ఏ వయసు పిల్లలకు వేస్తారు?

సాధారణంగా 12 ఏళ్ళు దాటాక. చిన్న పిల్లల్లో పై పొర పలచగా ఉంటుంది, ఇంకా రాని పళ్ళు ఎముకలో ఉంటాయి. అంగిలి మధ్య అతుకు కూడా ఇంకా పూర్తిగా కలిసి ఉండదు కాబట్టి అక్కడ వేయాల్సి వస్తే గీత మీద కాకుండా కాస్త పక్కకు వేస్తారు.

స్క్రూ పంటి వేరుకు తగిలితే పన్ను పోతుందా?

వేరు పై పొరను గీసుకుని వెంటనే వెనక్కి తీసేస్తే దాదాపు ఎప్పుడూ మానుతుంది. వేరు మీద ఉండే సిమెంటమ్ అనే పొర తిరిగి ఏర్పడుతుంది. మూడు నెలల అటూ ఇటూలో ఇలా మానడం జంతువుల్లో స్పష్టంగా కనిపించింది. వేరు లోపలి నరం దాకా గుచ్చుకుంటే ఇబ్బందే, రూట్ కెనాల్ అవసరం కావచ్చు. ఇది చాలా అరుదు. వేసే ముందు ఆ చోట ఎక్స్‌రే తీసేది అందుకే. చోటు ఇరుకుగా ఉంటే దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ అడుగుతారు.

పై దవడ స్క్రూ సైనస్‌లోకి వెళ్ళిందన్నారు.

సైనస్ అంటే పై పళ్ళ వేర్ల పైన, చెంప లోపల ఉండే గాలి గది. అందులోకి కొన మాత్రం కొద్దిగా దూరితే, స్క్రూ బిగువుగా ఉంటే, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. తీశాక సన్నని రంధ్రం దానంతట అదే మూసుకుంటుంది. ముక్కు ఒకవైపు దిబ్బడ, దుర్వాసన, చెంప బరువుగా అనిపించడం ఉంటే చెప్పండి.

ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

టైటానియం అయస్కాంతానికి అంటుకోదు. స్టీల్ స్క్రూలు, క్లిప్పులు తల భాగం చిత్రాన్ని చెడగొట్టవచ్చు. స్కాన్ చేసేవాళ్ళకు ముందే చెప్పండి.

వచ్చే నెల ఎంఎస్‌కు అమెరికా వెళ్తున్నాను. ఇప్పుడు స్క్రూ వేయించుకోనా?

వద్దు. మొదటి నెలే అన్నిటికన్నా సున్నితమైన సమయం. అప్పుడు చూసే డాక్టర్ దగ్గర్లో లేకుండా ఉండకూడదు. ఇప్పటికే వేసి ఉంటే స్క్రూ కంపెనీ పేరు, కొలత, వేసిన తేదీ, ఎక్స్‌రేలు రాయించుకుని తీసుకెళ్ళండి. ఒక్కో కంపెనీ స్క్రూ తలకు ఒక్కో రకం డ్రైవర్ కావాలి. ఆ ఒక్క వివరం లేక అక్కడ ఇబ్బంది పడతారు. అక్కడ వైద్యం కొనసాగించే ఏర్పాటు లేకపోతే వెళ్ళే ముందు తీయించేయడమే నయం.

తీసేటప్పుడు మళ్ళీ నొప్పా?

వేసినప్పటి కన్నా చాలా తక్కువ. చాలామందికి పైపూత మత్తు జెల్ సరిపోతుంది. చిగురు స్క్రూ తలను కప్పేసి ఉంటే చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. స్క్రూడ్రైవర్ పెట్టి వెనక్కి తిప్పితే నిమిషంలో వచ్చేస్తుంది.

ఎప్పుడో ఒకసారి ఎముక బాగా పట్టేసి స్క్రూ తిరగదు. బలవంతంగా తిప్పితే సన్నని స్క్రూ విరుగుతుంది. అప్పుడు కొద్దిగా తిప్పి ఆపేసి, నాలుగైదు రోజుల నుంచి వారం తరవాత రమ్మంటారు. ఆ చిన్న తిప్పుడుకు అతుకు దగ్గర సన్నని పగుళ్ళు వస్తాయి. వాటిని బాగుచేయడానికి ఎముక అక్కడ మళ్ళీ కరగడం మొదలుపెడుతుంది. తిరిగి వచ్చేసరికి స్క్రూ సులువుగా వస్తుంది. "డాక్టర్‌కు చేతకాక పంపేశారు" అని అనుకోవద్దు, అది సరైన పద్ధతి.

తీశాక ఆ రంధ్రం ఏమవుతుంది? కుట్లు వేస్తారా?

కుట్లు అక్కర్లేదు. ఒకటి రెండు చుక్కల రక్తం వస్తుంది, దూదితో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. చిగురు కొద్ది రోజుల్లోనే మూసుకుంటుంది. లోపల రంధ్రంలో రక్తం గడ్డకట్టి, మొదట్లో చెప్పిన క్రమంలోనే కొత్త ఎముక నిండుతుంది. పూర్తిగా గట్టిపడటానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ రోజు మటుకు చాలా వేడి కాఫీ, టీ తాగకండి, రాత్రి ఉప్పు నీళ్ళతో పుక్కిలించండి. మర్నాటి నుంచి మామూలుగా తినొచ్చు. వారం దాటినా అక్కడ నొప్పి, వాపు ఉంటే వచ్చి చూపించండి.